పదహారేళ్లప్పుడు చూసిన ‘హైదరాబాద్ బ్లూస్’, మళ్లీ ఇప్పుడు

నాగేశ్ కుకునూర్ తీసిన ‘హైదరాబాద్ బ్లూస్’ వచ్చిన 1998లో నాకు పదహారేళ్లు. ఇంటర్ చదువుతున్నాను. మొదటిసారి హాల్లో చూశాను, ఆ తర్వాత వీసీడీలో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మధ్యలో చాలా ఏళ్లు దాని జోలికి వెళ్లలేదు. పోయిన నెలలో మా అమ్మ పక్కన కూర్చుని మళ్లీ చూశాను.

అప్పట్లో వరుణ్ కోసమే చూసేదాన్ని. పన్నెండేళ్లు అమెరికాలో ఉండి సెలవు మీద ఇంటికి వచ్చిన ఇంజనీరు అతను. కుకునూరే ఆ పాత్ర వేశాడు. పెద్దలు కుదిర్చిన పెళ్లంటే వరుణ్‌కి పడదు. ముక్కూ మొహం తెలియని మనిషితో జీవితమంతా ఎలా గడుపుతారని అతని వాదన. సరిగ్గా ఆ రోజుల్లోనే మా అక్కకి పెళ్లిచూపులు జరుగుతుండేవి. వచ్చినవాళ్ల ముందు అక్క తల వంచుకుని కూర్చుంటే, లోపలి గదిలో నాకు ఒళ్లు మండిపోయేది. నోరు తెరిచి ఒక్క మాట అనే ధైర్యం మాత్రం లేదు. నా కడుపులో ఉన్న మాటలు తెరమీద ఒకడు గట్టిగా అంటుంటే ఎంత ఊరటగా ఉండేదో ఇప్పటికీ గుర్తుంది.

ఇంకో సంగతి, ఆ మాటతీరు. స్నేహితులతో ఇంగ్లిష్, అందులోకి దొర్లే హైదరాబాదీ హిందీ, ఇంట్లో తెలుగు. మా వీధిలో మేం మాట్లాడుకున్నది అలాగే. అంతకుముందు ఏ సినిమాలోనూ నేను అది వినలేదు. కుకునూర్ ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి, అమెరికా వెళ్లి, అట్లాంటాలో ఉద్యోగం చేసినవాడు. అక్కడ సంపాదించిన సొంత డబ్బుతో, పదిహేడు లక్షల్లో, పదిహేడు రోజుల్లో ఈ సినిమా తీశాడు. సినిమా అంటే పెద్ద పెద్ద కుటుంబాల వ్యవహారమని నమ్మిన మాకు, మన పక్కింటి అబ్బాయిలాంటివాడు తీయగలిగాడన్నదే పెద్ద విశేషం.

ఆ హడావిడి ఇప్పుడు తెరమీద తెలుస్తుంది. కొన్నిచోట్ల మాటలు సరిగా వినిపించవు. కొందరు పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడతారు. అవేవీ నన్ను ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది పెట్టింది వరుణే. అతను సెలవుకి వచ్చినవాడు, తిరిగి వెళ్లిపోతాడు. ఇక్కడే ఉండి బతకాల్సినవాళ్లకి తీర్పులు చెబుతుంటాడు. పదహారేళ్లప్పుడు తెగువ అనుకున్నదాంట్లో సగం ఇప్పుడు తొందరపాటులా కనిపించింది. అతని స్నేహితుడు సంజీవ్, భార్య సీమ కనిపించినప్పుడే నాకు ఊపిరి ఆడింది. అప్పుడు వాళ్ల సన్నివేశాలు ఎప్పుడు అయిపోతాయా అని చూసేదాన్ని. ఇప్పుడు వాళ్లు మాట్లాడుతుంటే కళ్లు తిప్పలేదు. సీమగా వేసిన ఎలాహే హిప్తూలా ఆ తర్వాత కుకునూర్ సినిమాల నిర్మాణంలో భాగస్వామి అయ్యారు. ఈ ఒక్క పాత్ర చూసినా ఆమెకి సినిమా మీద ఎంత పట్టు ఉందో అర్థమవుతుంది.

ఇక వరుణ్ అమ్మ. పెళ్లి, పెళ్లి అని కొడుకు వెంటపడుతుంటే ఆవిడ మీద అప్పుడు నాకు కోపమే. ఈసారి మా అమ్మ తెర వైపు చూస్తూనే, “పాపం, ఆవిడ చేతిలో ఇంకేముంది?” అంది. నేను సినిమా ఆపేశాను. మా అన్నయ్య 1999లో అమెరికా వెళ్లి నాలుగేళ్లకి గానీ ఇంటికి రాలేదు. బేగంపేట విమానాశ్రయం బయట తెల్లవారుజామున ఇనుప కమ్మీలు పట్టుకుని నిలబడ్డ అమ్మ నాకు కళ్లముందు మెదిలింది. వచ్చిన మూడో రోజే సంబంధాల ఊసెత్తింది. మేమంతా కసిరాం. ఇక్కడి పిల్లను చేసుకుంటే ఆ వంకతోనైనా ఏడాదికోసారి వస్తాడని అప్పుడు అనుకుందట. ఇన్నేళ్లకి ఆ మాట ఇప్పుడు చెప్పింది.

కుకునూర్ ఇదంతా ఆలోచించే ఆ పాత్ర రాశాడో లేదో గానీ, చూడగలిగితే అది అందులో ఉంది. అందుకే వరుణ్ మీద మోజు తగ్గినా సినిమా మీద ప్రేమ తగ్గలేదు, పెరిగింది.

రాజశ్రీ నాయర్ వేసిన డాక్టర్ అశ్విని మాత్రం నాకు అప్పుడూ ఇప్పుడూ ఒకేలా నచ్చింది. వరుణ్ మాటలకి మురిసిపోయే రకం కాదు. తన పని, తన లెక్క తనకి ఉన్నాయి. 2004లో వచ్చిన రెండో భాగంలో ఆ పాత్రకి వేరే నటిని తీసుకున్నారు. ఒకసారి చూసి వదిలేశాను, నా అశ్విని ఆమె కాదు.

ఇంట్లో పెద్దవాళ్లతో చూడాలనుకుంటే ఒక ఇబ్బంది ఉంది. సంభాషణలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కాబట్టి మధ్యమధ్యలో ఆపి చెప్పాల్సి వస్తుంది. నేనూ అలాగే ఆపి చెబుతూ వచ్చాను. అశ్విని మాట్లాడుతున్న చోట ఆపబోతే, అమ్మ నా చేయి పట్టుకుని, “ఉండు, నాకు తెలుస్తూనే ఉంది” అంది.