మహబూబ్‌నగర్‌లో కిరాయి ఇళ్లు చూసుకునే సేవ: వసూలు బాగుంది, అప్పు సలహా బాగాలేదు

మహబూబ్‌నగర్‌లో రెండు మూడు పోర్షన్ల ఇల్లు ఉండి, ఉద్యోగరీత్యా హైదరాబాద్‌లో కాపురముంటున్న ఓనర్ల కోసం కిరాయి వసూలు, మరమ్మతులు, ఖాళీ పడితే కొత్తవాళ్లను వెతకడం వంటి పనులన్నీ చేసిపెట్టే ఒక చిన్న సంస్థకు మా ఇంటిని అప్పగించాం. వసూలైన కిరాయిలో ఎనిమిది శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ వాళ్ల రుసుము. ఇల్లు ఖాళీగా ఉన్న నెలకు ఏమీ తీసుకోరు. ఈ ఒక్క షరతు వల్లే టూలెట్ బోర్డు మా గేటుకు ఎక్కువ రోజులు వేలాడడం లేదని నా అభిప్రాయం.

ప్రతి నెలా మొదటి వారంలో వాళ్ల రిజిస్టరు పేజీ ఫొటో వాట్సాప్‌లో వస్తుంది. పోర్షను, కిరాయి ముట్టిన తేదీ, కరెంటు మీటర్ రీడింగు నీలం ఇంకులో, బాకీ ఉంటే ఎర్ర ఇంకులో రాసి ఉంటాయి. యాప్ లేదు, దాని లోటూ కనిపించలేదు. పైనా కిందా కలిపి ఒకే మీటర్ ఉంటే వాడకమంతా ఒకే బిల్లులో చేరి రేటు ఎక్కువుండే పై స్లాబుకు పోతుందనీ, ఆహార భద్రత కార్డున్న కిరాయిదారులకు 200 యూనిట్ల లోపు వర్తించే ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కూడా దక్కదనీ చెప్పి, వేరే మీటర్ల దరఖాస్తు వాళ్లే దగ్గరుండి నడిపించారు. పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) పనిచేసే కుటుంబం ఒకటి కింది పోర్షన్‌కు వచ్చిందంటే అందుకు ముఖ్య కారణం ఈ మీటరే.

మరమ్మతుల విషయంలో మొదట్లో ఇంత నమ్మకం లేదు. బోరు మోటారు కాలిందని, వైండింగుకు ఇంత అయిందని ఒక ముక్క కాగితం మీద లెక్క పంపేవారు. పని మొదలుపెట్టకముందు ఒక ఫొటో, అయ్యాక ఒక ఫొటో, దుకాణం బిల్లు లేనిదే డబ్బు మినహాయించుకోవద్దని గట్టిగా చెప్పిన తరువాత ఆ పద్ధతి మారింది.

నాకు నచ్చనిది వీళ్ల అప్పు సలహా. రెండు పోర్షన్లున్న ఇల్లు 33.5 లక్షలకు వస్తుంది, కొనేయండి సార్, సగం కిస్తీ కిరాయే కడుతుంది, మిగతాది పన్ను ఆదాతో సర్దుకుంటుంది అని ఒక కాగితం చేతిలో పెట్టారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల వరకు గృహరుణంలో ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చు కాబట్టి 30 లక్షల అప్పు అసాధ్యమేమీ కాదు, కానీ మిగిలిన మూడున్నర లక్షలతో పాటు రిజిస్ట్రేషన్‌కు అయ్యే 7.5 శాతం, అంటే సుమారు రెండున్నర లక్షలు, మన చేతి నుంచే పడాలి. ఆ ఖర్చు కాగితంలో లేనే లేదు. 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల కిస్తీ నెలకు 26,000 దాటుతుంది. అందులో తొలి నెల వడ్డీయే 21,250. రెండు పోర్షన్లకు కలిపి వచ్చే 14,000 కిరాయిలో వీళ్ల రుసుము, జీఎస్టీ పోగా మిగిలేది 12,680 లోపే, అదీ ఏడాదంతా ఒక్క నెల కూడా ఖాళీ పడకపోతేనే.

ఇక పన్ను ఆదా సంగతి. కిరాయి ఆదాయంలో ఇంటి పన్ను పోను మిగిలినదానిపై 30 శాతం తగ్గింపు, ఆపైన అప్పు వడ్డీ మినహాయింపు ఉన్నమాట నిజమే. అయితే మొదటి ఏడాది వడ్డీ రెండున్నర లక్షలు దాటుతుంది గనుక ఈ ఇంటిపై సుమారు లక్షా 35 వేల నష్టం తేలుతుంది. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగి ఈ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోలేడు. పాత విధానంలో ఏడాదికి రెండు లక్షల వరకు తగ్గించుకోవచ్చు. అయినా 20 శాతం పన్ను స్లాబులో ఉన్నవారికి పన్నులో మిగిలేది నెలకు సుమారు 2,300 మాత్రమే, కిస్తీలో చేతి నుంచి వేయాల్సిందేమో 13,000 పైన. ఇదంతా వివరించి అడిగితే, అక్కడి కుర్రవాడు ఆ కాగితం బ్యాంకు ఏజెంటు ఇచ్చిందని ఒప్పుకున్నాడు. అప్పు విషయం వీళ్లను అడగకుండా నేరుగా బ్యాంకు శాఖకు వెళ్లడమే మేలు.

కిరాయిదారులతో ఒప్పందం పదకొండు నెలలకే రాయిస్తారు. అడ్వాన్సు మాత్రం సంస్థ ఖాతాలో కాకుండా ఓనరు ఖాతాలోనే పడేలా ముందే రాయించుకోవాలి. మేము అడిగితే అభ్యంతరం చెప్పకుండా మార్చి ఇచ్చారు.