కరారా పాలరాతి పవిత్ర జలపాత్ర పేరుతో అచ్చుపోత వస్తువు: కొనేవారు జాగ్రత్త

బ్రిటన్‌లో ఉంటూ పాత చర్చి సామగ్రిని ఆన్‌లైన్‌లో కొనే తెలుగువారికి, ముఖ్యంగా సొంతూరి విచారణ (పారిష్) దేవాలయానికి కానుకగా పంపాలనుకునే కతోలిక కుటుంబాలకు ఈ హెచ్చరిక. ఇంగ్లండ్‌లోని ఒక పురాతన వస్తువుల వ్యాపారి దగ్గర మేము కొన్న పవిత్ర జలపాత్ర పాలరాయీ కాదు, పురాతనమైనదీ కాదు. గుడిలోకి వస్తూ వేళ్లు ముంచి సిలువ గుర్తు వేసుకోవడానికి ద్వారం పక్కన గోడకు బిగించే పాత్ర ఇది. "17వ శతాబ్దం, కరారా పాలరాయి, చేతి చెక్కడం, టస్కనీలో మూతబడిన చర్చి నుంచి సేకరించినది" అని ప్రకటనలో రాశారు. కరారా అంటే ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో తెల్ల పాలరాతికి పేరుపడిన ఊరు. ముత్యపుచిప్ప ఆకారపు తొట్టి, దాని కింద రెక్కలు విప్పిన బాల దేవదూత తల. ఫొటోల్లో చూడముచ్చటగానే ఉంది. పాత్ర వెనుక భాగం, తొట్టి లోపలి భాగం మాత్రం ఒక్క ఫొటోలోనూ లేవు.

పార్సిల్ విప్పగానే అనుమానం వచ్చింది బరువు వల్ల. పాలరాయి ఘనపు సెంటీమీటరుకు దాదాపు 2.7 గ్రాములు తూగుతుంది; ఇది ఆ పరిమాణానికి మరీ తేలిగ్గా లేచింది. గోడను ఆనుకునే వెనుక వైపు ఉలి దెబ్బలతో గరుకుగా, పాత సున్నంతో, ఇనుప కొక్కెం తుప్పు మరకలతో ఉండవలసింది పోయి నున్నగా ఉంది, అక్కడక్కడ గుండుసూది తలంత గాలి బుడగల గుంటలు కనిపించాయి. దేవదూత చెవి వెనుక నుంచి మెడ దాకా సన్నని గీత ఒకటి దిగింది. అది అచ్చు రెండు భాగాలు కలిసిన చోటు. పాలరాతి పొడిని రెసిన్‌లో (గట్టిపడే ప్లాస్టిక్ జిగురులో) కలిపి పోసిన పోత అది.

అన్నిటికంటే స్పష్టమైన సాక్ష్యం ఎడమ రెక్క చివర విరిగిన చోట దొరికింది. అసలు పాలరాయి విరిగితే లోపలి స్ఫటికాలు పటికబెల్లం ముక్కలా తళుక్కుమంటాయి. ఇక్కడ విరిగిన అంచు కూడా గుండ్రంగా, మొద్దుగా, పైభాగం రంగులోనే ఉంది. తర్వాత వెతికితే మరో అమ్మకందారు పెట్టిన పాత్రకూ అదే రెక్క, అదే చోట, అదే మేరకు విరిగి కనిపించింది, అంటే ఆ విరుపు కూడా అచ్చులోదే. పాతదని నమ్మించడానికి పూసిన మురికి సైతం చేతులు తగిలే ముందరి అంచు మీదా, ఎవరి వేలూ చేరని రెక్కల సందుల్లోనూ ఒకే మందాన ఉంది. నిజంగా వాడిన పాత్రకు ముందు అంచు అరిగి నునుపెక్కుతుంది, తొట్టిలో నీటి మట్టం దగ్గర తెల్లని సున్నపు చార కడుతుంది.

కొనేవారిని ఎక్కువగా ఊరించే ఆ "మూతబడిన చర్చి" కథే నా దృష్టిలో పెద్ద ప్రమాద సూచన. అది అబద్ధమైతే వస్తువు మీద కూడా నమ్మకం ఉంచలేం. నిజమైతే చిక్కు ఇంకా పెద్దది. ఇటలీ 2004లో తెచ్చిన సాంస్కృతిక సంపద చట్టం చర్చి సంస్థల ఆస్తిగా ఉన్న 70 ఏళ్లు దాటిన పాత కళావస్తువులకు రక్షణ కల్పిస్తుంది. అధికారుల పరిశీలన, అనుమతి లేకుండా వాటిని అమ్మడానికి వీల్లేదు, దేశం దాటించాలన్నా పత్రాలు కావాలి. శ్రీసభ (కతోలిక చర్చి) ధర్మశాస్త్రం 1292వ నిబంధన ప్రకారం కళాపరంగా, చారిత్రకంగా విలువైన వస్తువులను అన్యాక్రాంతం చేయడానికి రోములోని పోపు పీఠం అనుమతి కూడా ఉండాలి. కనుక ఏ ఊరు, ఏ చర్చి, ఎగుమతి పత్రం ఏదని డబ్బు కట్టకముందే అడగండి. ఇంటర్‌పోల్ వారి ఐడీ-ఆర్ట్ యాప్‌లో దొంగసొత్తు జాబితాను ఉచితంగా వెతకవచ్చు, అయితే అందులో లేనంత మాత్రాన వస్తువు సక్రమమైనదని అనుకోవడానికి లేదు. మాకు ఆధారంగా చూపించింది ఆ వ్యాపారి తన లెటర్‌హెడ్ మీద తానే రాసి, తానే సంతకం చేసుకున్న ధ్రువపత్రం.

నిలదీస్తే "రెసిన్ కలిపినా పాలరాతి పొడే కదా" అన్నారు, తిరుగు రవాణా ఖర్చు మమ్మల్నే భరించమన్నారు. బ్రిటన్‌లో వ్యాపారి దగ్గర ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును, అందిన 14 రోజుల్లోగా కారణం చెప్పకుండానే రద్దు చేసుకునే హక్కు 2013 నాటి వినియోగదారుల ఒప్పందాల నిబంధనల్లో ఉంది. వర్ణనకు సరిపోని సరుకైతే వెనక్కి పంపే ఖర్చు వ్యాపారిదే. వ్యాపారేతర వ్యక్తుల దగ్గర కొంటే ఈ 14 రోజుల హక్కు వర్తించదు. బ్యాంకు బదిలీకి తగ్గింపు ఇస్తామన్నా మేము క్రెడిట్ కార్డుతోనే కట్టాం; 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపు ధర ఉన్న వస్తువు విషయంలో 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ కింద కార్డు సంస్థ కూడా బాధ్యురాలే. మా ఫిర్యాదు ఇప్పుడు కార్డు సంస్థ పరిశీలనలో ఉంది. ఈలోగా అదే ఎడమ రెక్క విరుపుతో, అవే ఫొటోలతో ప్రకటన మళ్లీ వచ్చింది: "17వ శతాబ్దం" బదులు "17వ శతాబ్దపు శైలి" అని మార్చారు, ధర మాత్రం మార్చలేదు.