చిన్న ట్యాంకులకు మురికి చారలు: ఏకే ఇంటరాక్టివ్ స్ట్రీకింగ్ గ్రైమ్

బల్లపై చిన్న బొమ్మలతో ఆడే బోల్ట్ యాక్షన్ వంటి యుద్ధ క్రీడల్లో వాడే 1/56 నిష్పత్తి షెర్మన్ ట్యాంకు నమూనాలకు రంగులు వేసేవారికి, స్పెయిన్‌కు చెందిన ఏకే ఇంటరాక్టివ్ సంస్థ తయారుచేసే స్ట్రీకింగ్ గ్రైమ్ నిస్సందేహంగా కొనదగినది. 35 మిల్లీలీటర్ల సీసాలో వచ్చే ఈ ముదురు గోధుమ ఎనామెల్ రంగును వాడే ముందు బాగా కుదపాలి; లేకుంటే చిక్కటి రంగంతా అడుగునే ఉండిపోతుంది.

అడుగు పూతగా వేసిన ఆక్రిలిక్ రంగు పూర్తిగా ఆరి, దానిపై వార్నిష్ కూడా పడ్డాక, టరెట్ (ట్యాంకు పైన ఫిరంగి ఉండే భాగం) అంచుల నుంచి సన్నని కుంచెతో నిలువు గీతలు గీసి, కాసేపు ఆగి, ఎనామెల్‌ను కరిగించే వైట్ స్పిరిట్ అనే ద్రావకంలో ముంచి గుడ్డకు అద్దిన చదును కుంచెతో పైనుంచి కిందికి లాగితే, ఆ గీతల అంచులు కరిగి వాననీటికి జారిన మురికిలా కనిపిస్తాయి. కుంచెలో తడి ఎక్కువైతే చార మొత్తం తుడుచుకుపోతుంది గానీ నష్టమేమీ లేదు, మళ్లీ గీసుకోవచ్చు. త్వరగా ఆరిపోయే ఆక్రిలిక్ రంగులతో ఈ వెసులుబాటు ఉండదు.

వాసన ఘాటుగా ఉంటుంది కనుక కిటికీలు తెరిచే పని చేయాలి. తుప్పు మరకలకు మాత్రం దీన్ని నమ్ముకోకూడదు. వాటికి నారింజ ఛాయ గల రంగు వేరే కావాలి. రేపటి ఆటకు ఈ రాత్రే దళమంతా సిద్ధం కావాలనుకునేవారికి ఎనామెల్ ఆరే తీరు విసుగు పుట్టిస్తుంది.