కాలేజీ భవనంలో వెల్డింగ్: ఉన్నచోటే చేయించడమా, బయట చేయించి తెచ్చి బిగించడమా?

కాకినాడ నుంచి నరసాపురం దాకా, సముద్రపు గాలి తగిలే ఏ కాలేజీలో చూసినా ఇనుముకు ఆయుష్షు తక్కువ. ఉప్పుగాలీ తేమా కలిసి మెట్ల రెయిలింగును, కిటికీ గ్రిల్లును, డాబా మీది నీళ్ల ట్యాంకు స్టాండును, సైకిల్ షెడ్డు రేకుల కింది ట్రస్సును రంగు ఊడిన చోటల్లా తినేస్తుంటాయి. అందువల్ల వేసవి సెలవుల్లో వెల్డింగ్ మేస్త్రీ అడుగుపెట్టని ప్రాంగణం గోదావరి డెల్టాలో అరుదు. వచ్చే పని చిన్నదే కావచ్చు గానీ, అది జరిగే చోటు వెల్డింగ్ కోసం కట్టినది కాదు. పక్కగదిలో జవాబు పత్రాల కట్టలుంటాయి, హాస్టల్లో కొబ్బరిపీచు పరుపులుంటాయి, మెట్ల కింద విరిగిన బెంచీలు పేర్చి ఉంటాయి. తన షెడ్డులో ఏ మూల ఏముందో వెల్డర్‌కు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. కాలేజీలో ప్రతిసారీ అతనికి కొత్త చోటే.

ఈ పనికి మూడు దారులున్నాయి. ఉన్నచోటే అనుమతిపత్రం రాసి, కాపలా పెట్టి వెల్డింగో కటింగో చేయించడం మొదటిది. కొలతలు తీసుకుని బయట షెడ్డులో తయారుచేయించి, తెచ్చి నట్లు బోల్టులతో బిగించడం రెండోది. రంపంతో కోసి, డ్రిల్లుతో రంధ్రాలు చేసి, నిప్పు పుట్టకుండానే పని ముగించడం మూడోది. ఈ మూడోది చాలావరకు రెండోదానికి తోడుగానే వస్తుంది కాబట్టి అసలు పోటీ మొదటి రెండింటి మధ్యనే. అమెరికాలోని జాతీయ అగ్నిరక్షణ సంఘం వారి 51బి ప్రమాణం ఈ దారులను ఒక వరుసలో పెడుతుంది: నిప్పు లేకుండా పని అవుతుందేమో ముందు చూడాలి, కాకపోతే పనిని భద్రమైన చోటికి తరలించాలి, అదీ వీలుకానప్పుడే ఉన్నచోట రక్షణ ఏర్పాట్లతో చేయాలి. మన దేశంలోనూ వెల్డింగ్, కటింగ్ పనుల్లో అగ్నిప్రమాద జాగ్రత్తలకు ఐఎస్ 3016 అనే భారతీయ ప్రమాణాల కోడ్ ఉంది. మన అలవాటు మాత్రం తలకిందులుగా సాగుతుంది. ముందు మేస్త్రీకి ఫోన్ చేస్తాం, అతను యంత్రం దింపాక చుట్టూ ఏముందో చూస్తాం.

రవ్వ ఎక్కడిదాకా పోతుంది

ఆక్సిజన్, ఎసిటిలీన్ కలిపి వెలిగించిన మంట 3,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. రాడ్డుకూ ఇనుముకూ మధ్య కరెంటుతో పుట్టే ఎలక్ట్రిక్ ఆర్క్ వేడి అంతకంటే చాలా ఎక్కువ. అయితే ఆ మంట మేస్త్రీ చేతిలో, అతని కళ్లెదుటే ఉంటుంది. భయపడవలసింది అతని కంటికి ఆనకుండా పోయే రవ్వకు. పని జరిగే చోటు చుట్టూ 35 అడుగుల మేర, అంటే దాదాపు 11 మీటర్ల మేర, కాలే వస్తువేదీ ఉండకూడదనీ, తీయలేనిదాన్ని కప్పాలనీ 51బి చెబుతుంది. మన తరగతి గదుల్లో చాలావాటి పొడవు అంతకు మించదు. ఒక మూల పని జరిగితే గదంతా, దాని ముందున్న వరండాతో సహా, ఆ వలయంలో ఉన్నట్టే. పై అంతస్తులో పని జరిగితే లెక్క మారిపోతుంది, ఎందుకంటే పైపుల కోసం శ్లాబులో వదిలిన కంతల గుండా, మెట్ల మధ్య ఖాళీ గుండా రవ్వలు కింది అంతస్తుకు జారుతాయి.

రవ్వలన్నీ ఒకటి కావు. గ్రైండర్ రవ్వ సన్నగా, తేలికగా ఉండి త్వరగా చల్లారుతుంది. గ్యాస్ కటింగ్‌లో రాలేది కరిగిన ఇనుప ముద్ద, అది నేల మీద పడి దొర్లి, ఏ సందులోకో దూరి, అక్కడ చాలాసేపు వేడిగా ఉంటుంది. ఈ కారణంగా ‘గ్యాస్ వద్దు, గ్రైండర్‌తో కోయండి’ అనడం భద్రమైన మాటలాగే వినిపిస్తుంది. అది సగమే నిజం. గ్రైండర్ పనిని కూడా వెల్డింగ్‌తో సమానంగానే నిప్పుపనిగా లెక్కించాలి. రంపపు పొట్టు, దూది, కాగితపు దుమ్ము ఉన్న చోట దాని రవ్వలు ధారగా ఒకే దిక్కున పడుతుంటే అంటుకోవడానికి అంత వేడి అక్కర్లేదు. నిజంగా నిప్పు లేని కోత కావాలంటే హ్యాక్సా బ్లేడు, పైపు కట్టర్, కరెంటుతో ముందుకూ వెనక్కూ ఆడే రంపం వంటివే వాడాలి. ఆలస్యమవుతుందని మేస్త్రీ సణుగుతాడు. ఒక్క గ్రిల్లు ఊచకో, సన్నపాటి పైపుకో అయ్యే ఆ ఆలస్యం సణిగేంతది కాదు.

కంటికి కనిపించని దారులు ఇంకా రెండున్నాయి. గోడలో దిగి ఉన్న పైపును ఇవతల వెల్డ్ చేస్తే వేడి ఇనుము గుండా అవతలికి పాకి, ఆ గోడకు ఆనించిన చెక్క బీరువాను మాడ్చగలదు. కాబట్టి గోడకు రెండో వైపు ఎవరైనా నిలబడి చూడవలసిందే. ఎర్త్ క్లాంపును, అంటే కరెంటు యంత్రానికి తిరిగి వెళ్లే తీగ చివరి పట్టును, పని దగ్గర బిగించకుండా దూరాన కనిపించిన గ్రిల్లుకో, పైపుకో తగిలిస్తే, తిరిగి వెళ్లే కరెంటు మధ్యలో వదులుగా ఉన్న ప్రతి అతుకునూ వేడెక్కిస్తుంది. అప్పుడు పని ఒక చోట, నిప్పు ఇంకొక చోట.

1996 ఏప్రిల్ 11న జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయంలో, టెర్మినల్ పైనుంచి పోయే రోడ్డు అతుకు దగ్గర వెల్డింగ్ చేస్తుండగా కరిగిన లోహం కిందికి జారి, సీలింగు లోపల వేడి ఆపడానికి అమర్చిన పాలీస్టైరీన్‌ను, అంటే మనం థర్మోకోల్ అనేదాన్ని, అంటించింది. 17 మంది చనిపోయారు. 2014 మార్చి 26న బోస్టన్ నగరంలో ఒక భవనానికి ఇనుప రెయిలింగు వెల్డ్ చేస్తుంటే రవ్వలు పక్క కట్టడానికి అంటుకున్నాయి. బలమైన గాలికి మంటలు పెరిగి ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఆ పనికి అనుమతి తీసుకోలేదు. విమానాశ్రయం మన కాలేజీలకు దూరపు సంగతి అనిపించవచ్చు గానీ, సెమినార్ హాల్లో ఫాల్స్ సీలింగు వేయించుకున్న ప్రతి కాలేజీకీ అది దగ్గరి సంగతే. బోస్టన్ సంగతి మరీ దగ్గరిది. రెయిలింగు, గాలి, అనుమతి లేని పని, ఈ మూడింటిలో మన దగ్గర లేనిదేదీ లేదు.

బయట చేయించి బిగించడం

కొత్తగా పెట్టే రెయిలింగుకు, గ్రిల్లుకు, షెడ్డుకు నా ఓటు ఈ పద్ధతికే. నిప్పు భవనంలోకి రాదు కాబట్టి అన్నది మొదటి కారణం. రెండో కారణం డెల్టా వాళ్లకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. షెడ్డులో తయారైన భాగాన్ని మొత్తంగా జింకులో ముంచి గాల్వనైజ్ చేయించవచ్చు, కనీసం అన్ని వైపులా ప్రైమరు పట్టించవచ్చు. ఉన్నచోట అతికిస్తే వెల్డు పడిన ప్రతిచోటా జింకు పూత కాలిపోతుంది, తుప్పు సరిగ్గా అక్కడే మొదలై, కొన్నేళ్లకు మళ్లీ మేస్త్రీని పిలిపిస్తుంది. అంటే ఈ సారి నిప్పును తప్పించుకోవడంతో పాటు వచ్చేసారి రావలసిన నిప్పునూ తగ్గించుకున్నట్టవుతుంది. జింకులో ముంచే పైపులకు గాలి పోయే రంధ్రాలు ముందే పెట్టించాలి. మూసుకున్న పైపు వేడి జింకులో పేలే ప్రమాదం ఉంది.

ఇబ్బందులు లేవని కాదు. కొలత ఒక్క అంగుళం తప్పితే తెచ్చిన రెయిలింగు కూర్చోదు, అప్పుడు ‘ఒక్క టాకా వేస్తే సరిపోతుంది సార్’ అంటూ వెల్డింగ్ యంత్రం మళ్లీ లోపలికి వస్తుంది. దీనికి మందు బోల్టు రంధ్రాలను కొంచెం పొడుగ్గా కోయించడం, అటూ ఇటూ జరుపుకోవడానికి వీలుండేలా. పాత గోడలు రెండో చిక్కు. రాజమండ్రి, కాకినాడల్లో పందొమ్మిదో శతాబ్దంలో మొదలైన కాలేజీలున్నాయి. సున్నపు మేళవింపుతో కట్టిన ఇటుక గోడలో, రంధ్రంలో ఉబ్బి పట్టుకునే, కాంక్రీటుకు పనికొచ్చే విస్తరణ బోల్టును బిగిస్తే ఇటుక పగులుతుంది. అటువంటి గోడకు అవతలి వైపు ఇనుప పట్టీ పెట్టి ఆరపార బోల్టు వేయాలి, లేదా రసాయన జిగురుతో నిలిచే యాంకరు వాడాలి. ఖర్చు పెరుగుతుంది. అయితే అటువంటి భవనాల్లోనే తరచుగా టేకు దూలాలు, చెక్క కప్పులు ఉంటాయి కాబట్టి నిప్పు వెళ్లకూడని చోట్లలో అవే మొదటివి.

ఉన్నచోటే తప్పనప్పుడు

శ్లాబులో దిగిన ఇనుము విరిగితే, ట్యాంకు స్టాండు కాలు తుప్పుపట్టి ఊగుతుంటే, బయటికి తీసుకుపోవడం కుదరదు. అప్పుడు అనుమతిపత్రం రావాలి. అది ఆఫీసులో కూర్చుని సంతకం చేసే కాగితమైతే దానివల్ల ప్రయోజనమేమీ లేదు. సంతకం చేసేవారు ఆ గదిలో నిలబడి, పైనా కిందా పక్కనా చూసి, ఆ రోజుకు, ఆ పనికి మాత్రమే ఇవ్వాలి. పొగ పసిగట్టే పరికరాలు మోగకుండా భవనం మొత్తానికి స్విచ్ తీసేయడం చాలాచోట్ల చూస్తాం. ఆ గది వరకే ఆపి, పని ముగిసిన వెంటనే తిరిగి కలపడం అనుమతిపత్రంలోనే రాయాలి.

కప్పడానికి ఏది మేలు? గోనెసంచి మన పాత అలవాటు, తడిగా ఉన్నంతసేపు మంచిదే. మే నెల ఎండలో అది ఆరిపోవడానికి ఎక్కువసేపు పట్టదు, ఆరిన గోనె తనే ఇంధనం. గాజుపీచుతో నేసిన వెల్డింగ్ దుప్పటి ఒకసారి కొంటే ఎన్నో పనులకు వస్తుంది. నీలం ప్లాస్టిక్ టార్పాలిన్‌తో కప్పడం కంటే కప్పకపోవడమే నయం.

గ్యాస్‌కూ ఆర్క్‌కూ మధ్య ఎంచుకోవలసి వస్తే, లోపలి గదుల్లో ఆర్క్‌కే మొగ్గాలి, ఎందుకంటే గ్యాస్‌తో పాటు సిలిండర్లూ లోపలికి వస్తాయి. ఎల్పీజీ గాలికంటే బరువైనది, లీకైతే నేలబారుగా పాకి కాలువ గుంటల్లో నిలుస్తుంది. వంటింటి 14.2 కిలోల సిలిండర్‌ను కటింగ్‌కు వాడటం చట్టవిరుద్ధమైనా అది తరచుగా కనిపించే దృశ్యమే. దాన్ని గేటు దగ్గరే ఆపాలి. నల్లరంగు ఆక్సిజన్ సిలిండర్‌కు నూనె, గ్రీజు తగలనివ్వకూడదు, మెరూన్ రంగు ఎసిటిలీన్ సిలిండర్‌ను పడుకోబెట్టకూడదు, మంట వెనక్కి తన్నకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు రెండు పైపులకూ ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, అందరూ ముందుగా వదిలేసేదీ, కాపలా. రాడ్డు అందించే కుర్రవాడు కాపలాదారు కాలేడు, అతని కళ్లు పని మీదే ఉంటాయి. వేరే మనిషి ఉండాలి, పని ఆపమనే అధికారం అతనికి ఉండాలి, అగ్నిమాపక సిలిండర్ వాడటం వచ్చి ఉండాలి, 101కు ఫోన్ చేయడానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేకుండా ఉండాలి. పని ముగిశాక అరగంట చూడాలన్న పాత నియమాన్ని 51బి 2019 కూర్పులో గంటకు పెంచారు. దూది, కొబ్బరిపీచు, కాగితపు కట్ట వంటివి మంట లేకుండా లోలోపలే గంటల తరబడి రాజుకుంటాయి. భోజనానికి పోయిన సమయం కూడా కాపలా సమయమే. ఆర్పడానికి అందరూ పొడి చిమ్మే అగ్నిమాపక సిలిండర్ మీదే ఆధారపడతారు. అది పైమంటను అణచగలదు గానీ పరుపు లోపలి నిప్పును చల్లార్చలేదు, దానికి నీళ్లే కావాలి. స్విచ్ బోర్డు దగ్గరైతే కార్బన్ డయాక్సైడ్.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి కాలం సంగతీ చూడాలి. వేసవి సెలవుల్లో పిల్లలుండరు, అది పెద్ద మేలు. కానీ అదే రోజుల్లో ధవళేశ్వరం నుంచి కాలువలు కట్టేస్తారు, చెరువులు అడుగంటుతాయి, హాస్టల్ పరుపులన్నీ ఒక గదిలో గుట్టవేసి ఉంటాయి, ప్రాంగణమంతటికీ ఒక్క వాచ్‌మన్ మిగులుతాడు. కాబట్టి సెలవుల్లో చేయించడమే మేలైనా, ట్యాంకు నింపి, పరుపుల గది తాళం ఎవరి దగ్గరుందో తెలుసుకుని మొదలుపెట్టాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేవకముందే నిప్పుపని ముగించేలా ఉదయం మొదలుపెడితే, కాపలా గంట కూడా వెలుతురులోనే గడుస్తుంది.

ఇనుపపనికి మన దగ్గర కిలో లెక్కన బిల్లు కడతారు. ఊరికే కూర్చుని చూసిన గంటకు ఆ లెక్కలో బరువు లేదు కాబట్టి కాంట్రాక్టరు ఆ మనిషిని పెట్టడు, మేస్త్రీ యంత్రం చల్లారకముందే ఆటో ఎక్కించుకుపోతాడు. టెండరు షెడ్యూలులో కాపలాను, వెల్డింగ్ దుప్పటిని, బోల్టు అతుకుల అదనపు ఖర్చును వేర్వేరు అంశాలుగా రాసి వాటికి రేటు ఇచ్చినప్పుడే రెండు దారుల అసలు ధరలు పక్కపక్కన కనిపిస్తాయి, అలా చూసినప్పుడు బయట చేయించి బిగించడం మొదట అనిపించినంత ఖరీదుగా ఉండదు.