టార్చి వెలుగులో ఆకుపచ్చ ఛాయకు లీ 249 జెల్: చాలాకాలం వాడాక నా మాట

ఎల్ఈడీ టార్చి వేసి తెల్లగోడ మీద కొడితే వెలుగు ఆకుపచ్చగా పడుతోందా? కొత్త లైటు కొనేముందు లీ కంపెనీ 249 జెల్ (వెలుగు రంగు మార్చే పల్చటి షీటు) వేసి చూడండి. నా లైట్లలో అది పెట్టి చాలాకాలమైంది, ఇప్పుడు అది లేకుండా వాడలేను.

249 అంటే క్వార్టర్ మైనస్ గ్రీన్, అంటే ఆకుపచ్చని పావు మోతాదులో తగ్గించేది. లేత గులాబీ ప్లాస్టిక్ షీటు. షూటింగుల్లో ట్యూబ్‌లైట్ల ఆకుపచ్చదనం ముఖాల మీద పడకుండా లైట్‌మెన్ వాడే రకం. మనకు కావలసింది అరచేతిలో పట్టే తునక. టార్చి ముందు అద్దం సైజుకి గుండ్రంగా కత్తిరించి, అద్దానికీ రిఫ్లెక్టర్‌కీ మధ్య పెట్టి బిగించడమే. సోల్డరింగ్ పనేం లేదు.

డబ్బా మీద 5000 కెల్విన్ అని ఉంటే రంగు బాగుంటుందని చాలామంది అనుకుంటారు. ఆ అంకె పసుపు వైపా, నీలం వైపా అన్నది మాత్రమే చెబుతుంది. అదే 5000లో ఒక లైటు ఆకుపచ్చ వైపు, ఇంకోటి గులాబీ వైపు ఉండొచ్చు. ఆ తేడా చెప్పేది డీయూవీ: సున్నాకి పైన ఆకుపచ్చ, కింద గులాబీ. అమ్మేవాళ్లలో ఎక్కువమంది ఈ అంకె వేయరు. వేయాలి. పైగా చాలా ఎల్ఈడీల్లో కరెంటు తగ్గేకొద్దీ ఆకుపచ్చ ఎక్కువగా తెలుస్తుంది. మనం రోజూ వాడేదేమో ఆ తక్కువ మోడే.

మాది మిర్చి వేసే ఇల్లు. కల్లంలో కాయ ఆరబోసిన రోజుల్లో రాత్రి మబ్బు పట్టిందంటే పట్టలు కప్పడానికి పరిగెత్తాలి. పనిలో పనిగా నాలుగు కాయలు చేతిలోకి తీసుకుని చూస్తాం. ఆకుపచ్చ వెలుగులో మంచి కాయ గోధుమ రంగుకి తిరిగి, తాలు కాయ మురికిగా కనిపించి, రెండూ కలిసిపోయేవి. జెల్ వేశాక తాలు కాయ తెల్లబోయి విడిగా తెలుస్తోంది. అరచేయి కూడా జబ్బు మనిషి చేయిలా కాకుండా మామూలు చేయిలా ఉంది. నాన్నగారికి ఈ రంగుల గొడవలేం పట్టవు, కానీ కల్లానికి వెళ్లేటప్పుడు ఆ లైటే తెమ్మంటారు.

అయితే ఒక హద్దుంది. జెల్ ఆకుపచ్చని తగ్గిస్తుందే తప్ప, ఎల్ఈడీలో లేని ఎరుపుని పుట్టించలేదు. కాయ అసలు ఎరుపు చూడాలంటే ఆర్9 విలువ (ముదురు ఎరుపుని ఎంత సరిగ్గా చూపిస్తుందో చెప్పే అంకె) బాగున్న ఎల్ఈడీ కావాలి. నా రెండో లైటులో నిచియా కంపెనీ 519ఎ ఎల్ఈడీ ఉంది, దాని కింద మిర్చి నిజంగా మిర్చిలా ఉంటుంది. దాని పైనున్న సిలికాన్ డోమ్ కోసేస్తే ఛాయ ఇంకా గులాబీకి జరుగుతుంది, 5700 కెల్విన్ రకం సుమారు 4500కి దిగుతుంది. వెలుగు కొంత తగ్గినా దూరం పెరుగుతుంది. కానీ బ్లేడు జారితే ఎల్ఈడీ పోయినట్టే. జెల్ నచ్చకపోతే తీసి పక్కన పెట్టేయొచ్చు.

వెలుగు తగ్గదా అని అడుగుతారు. తగ్గుతుంది. మన కంటికి బాగా ఆనేది 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చే, జెల్ కోసేదీ ఆ చుట్టుపక్కలే. లూమెన్ల లెక్కలో తేడా ఉన్నా, చేను గట్టు మీద నడిచేటప్పుడు నాకు తక్కువ అనిపించలేదు.

వేడి విషయంలో మాత్రం జాగ్రత్త. ఏ జెల్ అయినా వేడికి నెమ్మదిగా రంగు వెలుస్తుంది, టర్బోలో, అంటే అన్నిటికన్నా ఎక్కువ వెలుగు మోడ్‌లో, ఎల్ఈడీకి మరీ దగ్గరగా ఉంటే ముడుచుకుపోతుంది, కాలనూ కాలుతుంది. బాగా వేడెక్కే లైటైతే అద్దానికి బయటివైపు పెట్టండి. నేను అప్పుడప్పుడు తునక బయటికి తీసి, తెల్లకాగితం మీద కొత్త ముక్క పక్కన పెట్టి చూసుకుంటాను.

పోల్చేటప్పుడు రెండు లైట్లు పక్కపక్కనే ఒకేసారి వేయాలి. ఒక్కటే వేసి చూస్తే కాసేపటికి కన్ను దానికే అలవాటు పడి అంతా తెల్లగా ఉందంటుంది. ఫోన్‌తో ఫొటో తీస్తే వైట్ బ్యాలెన్స్ లాక్ చేయండి, లేకపోతే కెమెరా తనే సరిదిద్దేసి తేడా దాచేస్తుంది.

ఛాయ కొద్దిగానే ఉంటే 279 చాలు, అది ఎయిత్ మైనస్ గ్రీన్, 249 కన్నా తేలిక. 248 హాఫ్ మైనస్ గ్రీన్, 249 కన్నా గట్టిది. బాగా ఆకుపచ్చగా కొట్టే కూల్ వైట్ లైట్లకే అది పనికొస్తుంది, నా వార్మ్ లైటు మీద పెడితే ముఖాలకు రోజ్ పౌడర్ రాసినట్టయింది. మూడూ తెచ్చుకుని, ముందు అద్దం మీద ఊరికే ఆనించి చూశాకే కత్తెర పట్టండి.