పదకొండేళ్లు నా చేతిలో ఉన్న పసిఫికా: కొనబోయేవాళ్లకు ఉన్నదున్నట్టు

నా యమహా పసిఫికా 112వి ఎలక్ట్రిక్ గిటార్ అమ్ముతున్నాను. 2014 మే నెలలో వైజాగ్‌లో కొత్తది కొన్నాను. అప్పటి నుంచి ఇది నా ఒక్కడి చేతిలోనే ఉంది. "మంచి కండిషన్‌లో ఉంది" అని ఒక ముక్క రాసి నాలుగు ఫొటోలు పెట్టడానికి మనసొప్పలేదు. ఏ ఫ్రెట్ (నెక్ మీద, అంటే గిటార్ మెడ మీద, అడ్డంగా ఉండే లోహపు పట్టీ) ఎంత అరిగింది, ఏ స్క్రూ తుప్పు పట్టింది, ఎక్కడ సొట్ట పడింది, ఎందుకు పడింది, ఇవన్నీ చెప్పి ఇస్తేనే నాకు తృప్తి. ఫొటోలో కనిపించేది ఎంతసేపూ రంగే.

ముందు గిటార్ సంగతి. పసిఫికా డిజైన్ కాలిఫోర్నియాలోని యమహా వర్క్‌షాప్‌లో పుట్టి 1990లో బయటికొచ్చింది. చూడగానే ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గుర్తొస్తుంది. 1954లో వచ్చిన ఆ ఆకారాన్ని ఆ తర్వాత ఎన్ని కంపెనీలు తమకు తోచినట్టు మలుచుకున్నాయో లెక్కలేదు. నా గిటార్ ఇండోనేషియాలో తయారైంది. బాడీ ఆల్డర్ చెక్క, నెక్ మేపుల్, దాని మీద వేళ్లు ఆడే పలక రోజ్‌వుడ్. మన అడవుల్లో దొరికే జిట్టేగి కూడా ఆ కుటుంబమే. 22 ఫ్రెట్లు, నట్ (నెక్ పైకొనలో తీగలు ఆనే గాళ్ల పట్టీ) నుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) దాకా తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. రంగు ఓల్డ్ వయొలిన్ సన్‌బర్స్ట్: అంచుల్లో ముదురు గోధుమ, మధ్యకు వచ్చేసరికి తేనె రంగు.

కొన్న అయిదు నెలలకే హుద్‌హుద్ తుఫాను వచ్చింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. గాలికి మా హాల్లో కిటికీ అద్దాలు పగిలిపోయి, వాన నీళ్లు మంచం కిందికి చేరాయి. నేను చేసిన మొదటి పని గిటార్‌ని సంచిలో పెట్టి బీరువా మీదికి ఎక్కించడం. కరెంటు లేని ఆ రోజుల్లో ఆంప్ (శబ్దాన్ని పెద్దది చేసే డబ్బా) లేకుండానే, కొవ్వొత్తి పక్కన కూర్చుని వాయించేవాణ్ణి. ఇలాంటి ఎలక్ట్రిక్ గిటార్‌కి బోలు పొట్ట ఉండదు కాబట్టి శబ్దం చాలా చిన్నగా వస్తుంది. కానీ ఊరంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ చిన్న శబ్దమే గదికి సరిపోయింది. చీకట్లో బీరువా మీంచి దించుతున్నప్పుడు కింది అంచు బీరువా హ్యాండిల్‌కి తగిలింది. పెసరగింజంత సొట్ట. బెల్ట్ తగిలించే బటన్‌కి రెండు అంగుళాల అవతల కనిపిస్తుంది. పెయింట్ లేవలేదు, చెక్క చీలలేదు. దాన్ని పూడ్పించే ప్రయత్నం చేయలేదు.

వైజాగ్‌లో అసలు శత్రువు తుఫాను కాదు, రోజూ వీచే ఉప్పు గాలి. బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉన్న మా ఇంట్లో కొత్త స్ట్రింగ్స్ వేస్తే మూడు వారాలకే వేళ్లకి గరుగ్గా తగిలేవి. బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఎత్తు సరిచేసే చిన్న అలెన్ స్క్రూలు ఉంటాయి. అక్కడ తేమ చేరితే తుడవడం కష్టం. నాకు ఆ సంగతి తెలిసేసరికి వాటిలో రెండు తుప్పు పట్టాయి. అప్పటి నుంచి ఆర్నెల్లకోసారి ఒక్కో స్క్రూకి పుల్లతో కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క పెడుతున్నాను. ఇప్పుడు అన్నీ తిరుగుతాయి. ఆ రెండింటి తలలు మాత్రం నల్లబడి ఉంటాయి. వాయించడం అయ్యాక తీగల్ని పైనా కిందా పాత పంచె గుడ్డతో తుడవడం కూడా అక్కడే అలవాటైంది. రోజ్‌వుడ్‌కి కొబ్బరినూనె రాయమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి రాయకండి. అది లోపలికి ఇంకి, కొన్నాళ్లకు జిడ్డుగా మారి వాసన వేస్తుంది. ఫ్రెట్‌బోర్డుకి అమ్మే లెమన్ ఆయిల్ ఏడాదికి రెండుసార్లు, పలచగా రాస్తే చాలు.

2018లో ఉద్యోగం మారి హైదరాబాద్ వచ్చాను. తుప్పు గొడవ పోయింది, ఎండాకాలం గొడవ మొదలైంది. మొదటి ఏప్రిల్‌లో నెక్ అంచు మీద చేత్తో నిమిరితే ఫ్రెట్ల కొనలు సన్నగా గీరుకున్నాయి. పొడి గాలికి చెక్క కుంచించుకుపోతుంది, లోహం అంతే ఉంటుంది. అందుకే కొనలు బయటికొస్తాయి. 2021లో వాటిని ఆకురాయితో రాయించి గుండ్రం చేయించాను. ఆ తర్వాత మళ్లీ రాలేదు. నెక్ లోపల దాని వంపు సరిచేసే కడ్డీ, ట్రస్ రాడ్‌ని మాత్రం ఏడాదికి రెండుసార్లు, పావు చుట్టుకి మించకుండా తిప్పాల్సి వస్తుంది. మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా తీగను నొక్కిపట్టి, 7వ ఫ్రెట్ దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉందా లేదా చూస్తాను. ఉంటే దాని జోలికి పోను.

శబ్దం గురించి చెప్పాలంటే చాలా ఉంది. తీగల కదలికను పట్టుకునే పికప్‌లు మూడు: నెక్ దగ్గరా మధ్యలోనూ ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్స్, బ్రిడ్జి దగ్గర రెండు చుట్టలున్న హంబకర్. టోన్ నాబ్‌ను పైకి లాగితే హంబకర్‌లో ఒక కాయిల్ పక్కకు తప్పుకుని అది కూడా సింగిల్ కాయిల్‌లా పలుకుతుంది. అయిదు స్థానాల స్విచ్‌లో నా చెయ్యి ఎప్పుడూ నెక్, మధ్య పికప్‌లు రెండూ కలిసే చోటికే పోయేది. డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చడం) లేకుండా, కొంచెం రివర్బ్ (ప్రతిధ్వని)తో అక్కడ వచ్చే గుండ్రటి, గాజులాంటి శబ్దం కోసమే ఈ గిటార్ ఇన్నేళ్లు నా దగ్గరుంది. బ్రిడ్జి హంబకర్ నా 15 వాట్ల చిన్న ఆంప్ మీద ఫుల్ టోన్‌తో పెడితే పదునెక్కువగా అనిపిస్తుంది. టోన్ 6 దగ్గర పెడితే నాకు నచ్చింది. అద్దె ఇంట్లో ట్యూబ్‌లైట్ చోక్, ఫ్యాన్ రెగ్యులేటర్ చేసే గుయ్‌మనే శబ్దాన్ని సింగిల్ కాయిల్స్ బాగా పట్టుకుంటాయి. హంబకర్‌లో రెండు కాయిల్స్ ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉండటం వల్ల ఆ గోల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. రాత్రి పది దాటాక నేను హంబకర్‌కి మారడానికి కారణం అదే.

ఇప్పుడు ఫ్రెట్లు. ఈ గిటార్‌లో ఎక్కువ అరుగుదల ఉన్నది ఇక్కడే, దాని వెనకో కారణం ఉంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించారు. నేను గిటార్ కొన్న సంవత్సరమే, సెప్టెంబరులో ఆయన పోయారు. ఆ వారమంతా ఆయన్నే విన్నాను. అప్పటిదాకా కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) కొట్టుకునే నేను మోహన రాగం మీద పడ్డాను. అయిదు స్వరాలే కదా అని మొదలుపెడితే గాంధారం దగ్గరే నెలలు పట్టింది. రెండో తీగ మీద 5వ ఫ్రెట్‌ని షడ్జమం అనుకుంటే 7 రిషభం, 9 గాంధారం. 9 మీద వేలు పెట్టి నేరుగా మోగిస్తే స్వరం వస్తుంది, రాగం రాదు. 7 మీద నొక్కి తీగను పక్కకు లాగుతూ గాంధారానికి చేరి, అక్కడ ఊపాలి. అలా వేలసార్లు లాగిన చోట లోహం అరగకుండా ఎలా ఉంటుంది? 2021లో ఫ్రెట్ డ్రెస్సింగ్ చేయించి సమం చేయించాను. మళ్లీ ఇప్పుడు 7వ ఫ్రెట్ మీద రెండో తీగ కింద చిన్న పల్లం పడింది. పక్క నుంచి మొబైల్ లైట్ వేస్తే కనిపిస్తుంది. తీగ జీర పోవడం లేదు. ఇంకొక్కసారి డ్రెస్సింగ్‌కి సరిపడా ఎత్తు ఉంది. ఆ తర్వాత కొత్త ఫ్రెట్లు వేయించుకోవాల్సిందే. ఇది విని వెనక్కి తగ్గేవాళ్లు తగ్గొచ్చు, నేనేమీ అనుకోను.

ఒరిజినల్‌వి కానివి రెండే. మొదటిది నట్. మొదట ఒక దుకాణంలో సెటప్‌కి ఇస్తే ఒకటో తీగ గాడి మరీ లోతుగా రాసేశారు. ఓపెన్‌గా, అంటే ఏ ఫ్రెట్టూ నొక్కకుండా, మీటితే జీర పోయేది. తర్వాత ఇంకో పనివాడి దగ్గర ఎముక నట్ వేయించాను, శుభ్రంగా ఉంది. రెండోది కేబుల్ గుచ్చే జాక్. ఒకరోజు కేబుల్ నా కాలికి తట్టుకుని, లోపలి వైరు ఊడొచ్చింది. కొత్త జాక్ తెచ్చి నేనే టంకం వేశాను. ప్లేట్ తీసి చూపిస్తాను.

పోయిన ఆదివారం హనుమకొండ నుంచి ఇంజనీరింగ్ చదివే అబ్బాయి వాళ్ల నాన్నతో వచ్చాడు. అబ్బాయి ప్లగ్ చేసుకుంటుంటే పెద్దాయన, "గిది కరెంటుతోని నడుస్తదా తమ్మీ?" అని అడిగారు. "గిటార్‌కి అక్కర్లేదండీ, ఈ డబ్బాకే" అని, ఒక పిన్నీసు తెచ్చి పికప్ మీద పెట్టాను. టక్కున అతుక్కుంది. అయస్కాంతం పైన ఇనుప తీగ ఊగితే కింద చుట్టలో సన్నటి కరెంటు పుడుతుంది, దాన్నే ఆంప్ పెద్దది చేస్తుంది అని చెప్తే, ఆయన పిన్నీసును రెండు మూడుసార్లు తీసి పెట్టి చూశారు. అబ్బాయి చాలా బాగా వాయించాడు. కానీ వాడికి కావలసింది వేరు. ట్రెమలో ఆర్మ్‌ని (స్వరాన్ని వణికించడానికి బ్రిడ్జికి ఉండే కడ్డీ) తీగలు వదులయ్యేదాకా కిందికి నొక్కి వదిలాడు. మూడో తీగ శ్రుతి దిగిపోయింది. ఈ రకం బ్రిడ్జి మీద అది సహజం. నట్ గాడిలో తీగ పట్టేసి పాత చోటికి పూర్తిగా రాదు. గాడిలో పెన్సిల్ పొడి రాస్తే చాలావరకు తగ్గుతుంది, అంత లోతుగా నొక్కితే మాత్రం ఆగదు. "అన్నా, నాకు ఇట్లనే కావాలె" అన్నాడు. అలాగైతే నట్ దగ్గరే తీగల్ని బిగించేసే ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జి ఉన్న గిటార్ చూసుకోమని నేనే చెప్పి పంపాను. ఆర్మ్‌ని మెల్లగా, స్వరం వణికేంత మేరకే వాడేవాళ్లకి దీనితో ఇబ్బంది ఉండదు.

అమ్మడం ఎందుకంటే, రెండేళ్లుగా నా చెయ్యి పూర్తిగా అకూస్టిక్ (కరెంటు అక్కర్లేని, బోలు పొట్ట) గిటార్ వైపు మళ్లింది. నెలకి రెండుసార్లు కూడా దీన్ని సంచిలోంచి తీయడం లేదు. తుడిచి లోపల పెట్టినంత మాత్రాన గిటార్‌ని చూసుకున్నట్టు కాదని నా గట్టి నమ్మకం. వాయించని గిటార్‌లో నాబ్‌లు దుమ్ము పట్టి గరగరలాడతాయి. దీని వాల్యూమ్ నాబ్ మొన్న అలాగే అంటే, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పది నిమిషాలు తిప్పాక దారికొచ్చింది. నాకు బాధేసింది.

ధర 16,000. ఫ్రెట్ల ఖర్చు తీసేసి చెబుతున్న ధర ఇది. మెత్తటి సంచి, ట్రెమలో ఆర్మ్, అలెన్ కీలు, 9 గేజ్ (తీగ మందం) స్ట్రింగ్స్ కొత్త సెట్లు రెండు ఇస్తాను. ఆంప్ ఇవ్వడం లేదు. కొరియర్‌లో పంపను. ఇంతకుముందు ఒక పెడల్ (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే పెట్టె) అలా తెప్పించుకుంటే స్విచ్ విరిగి వచ్చింది. నెలకోసారి రైల్లో వైజాగ్ వెళ్తుంటాను. విజయవాడ, రాజమండ్రిలో ఉన్నవాళ్లకి ప్లాట్‌ఫాం మీదే అందించగలను. అయినా హైదరాబాద్ రాగలిగితే మా ఇంటికొచ్చి ఒక గంట వాయించి చూసుకోమనే చెప్తాను. అన్ని తీగలూ 12వ ఫ్రెట్ దగ్గర శ్రుతి సరిగ్గా ఉన్నాయా చూడండి, స్విచ్ అయిదు చోట్లా తిప్పండి, టోన్ నాబ్ లాగి వదలండి. చివరగా 7వ ఫ్రెట్ మీద రెండో తీగను నొక్కి గాంధారం దాకా లాగండి. మధ్యలో స్వరం ఆగినా, జీర పోయినా డబ్బు ఇవ్వకండి.