బీటెక్ పిల్లాడికి ఏ ల్యాప్‌టాప్: సన్నదా, గేమింగుదా, మ్యాక్‌బుక్కా?

కౌన్సెలింగ్‌లో సీటు అలాటైన రాత్రే అక్క ఫోన్ చేసింది. ఈసీఈ వచ్చిందని ఒక్క మాట చెప్పి, వెంటనే ల్యాప్‌టాప్ సంగతి ఎత్తుకుంది. "ఏ కంపెనీది మంచిదో ఒక్క ముక్కలో చెప్పరా, మీ బావ రేపే వెళ్లి తెచ్చేస్తానంటున్నారు." బావ లెక్క డెబ్బై వేలు. మేనల్లుడు అప్పటికే నా వాట్సాప్‌లో మూడు లింకులు పడేశాడు. ఒకటి మామూలు సన్న విండోస్ ల్యాప్‌టాప్. రెండోది కీబోర్డులో రంగు లైట్లు వెలిగే గేమింగ్ ల్యాప్‌టాప్. మూడోది మ్యాక్‌బుక్ ఎయిర్, దాని కింద "ప్లీజ్ మామయ్యా" అని.

కంపెనీ పేరు ఒక్క ముక్కలో చెప్పడం నాకు చేతకాలేదు. ఏటా ఈ సీజన్‌లో నాలుగైదు ఇళ్లనుంచి ఈ ఫోను వస్తుంది, ఏటా అదే ఇబ్బంది. హెచ్‌పీ అయినా, డెల్ అయినా, లెనోవో అయినా ముప్పై అయిదు వేలకు ఒకటి, లక్షన్నరకు ఒకటి అమ్ముతుంది. రెండింటి మీదా ఒకటే లోగో. లెనోవోలోనే ఐడియాప్యాడ్ వేరు, థింక్‌ప్యాడ్ వేరు. 2005లో ఐబీఎం నుంచి పీసీ వ్యాపారం కొన్నప్పుడు వచ్చిన పేరు థింక్‌ప్యాడ్. ఏసర్, ఆసుస్ రెండూ తైవాన్‌వే. 1989లో ఏసర్ నుంచి బయటికొచ్చిన ఇంజినీర్లే ఆసుస్ పెట్టారు. ఇక "కళ్లు మూసుకుని ఇన్‌స్పిరాన్ తీసుకో" అని చెప్పే బాబాయిలు ఇంకా ఉన్నారు. అది డెల్ ల్యాప్‌టాప్‌ల పాత పేరు. డెల్ 2025 జనవరిలో ఆ పేరు తీసేసి డెల్, డెల్ ప్రో, డెల్ ప్రో మాక్స్ అని మార్చేసింది. కొత్త స్టాకులో ఆ పేరు వెతికితే దొరకదు.

కంపెనీ నిజంగా తేడా చూపేది ఒక్క చోటే, రిపేరు వచ్చినప్పుడు. హైదరాబాద్, విజయవాడ, విశాఖలో పేరున్న కంపెనీలన్నిటికీ సర్వీస్ సెంటర్లు ఉన్నాయి. మావాడి కాలేజీ ఊరికి ముప్పై కిలోమీటర్ల అవతల, వాడుండేది హాస్టల్లో. వారంటీ ఆన్‌సైటా, మనమే మోసుకెళ్లాలా అన్నది అక్కడ ప్రాసెసర్ కంటే ముఖ్యం. ఒకే కంపెనీలో ఒక మోడల్‌కు ఆన్‌సైట్ ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. షాపువాడి నోటిమాట కాదు, కంపెనీ సైట్లో ఆ మోడల్ నంబర్ కొట్టి చూసుకోవాలి.

నా బీటెక్ ల్యాప్‌టాప్ కథ చెబితే బావకు అర్థమైంది. కంపెనీ పేరు వద్దులెండి. థర్డ్ ఇయర్‌లో ఒకరోజు మూత తీస్తుంటే టక్‌మని చప్పుడు. మూత తిరిగే కీలు, అదే హింజ్, దాని ఇనుము చెక్కు చెదరలేదు. దాని స్క్రూలు దిగిన ప్లాస్టిక్ బొడిపెలు పగిలాయి. మూతను ఎప్పుడూ కుడి మూల పట్టుకుని ఎత్తే అలవాటు నాది. లోడంతా ఒక హింజ్ మీదే పడుతుందని అప్పుడు తెలియదు. సర్వీస్ సెంటర్‌వాళ్లు పై మూత, కింది బాడీ మొత్తం మార్చాలని పదకొండు వేలు చెప్పారు. వారంటీ ఏడాదికే అయిపోయింది. మిగతా ఏడాదిన్నర దాన్ని గోడకు ఆనించి వాడాను. అందుకే షాపులో నా మొదటి పరీక్ష మూత మధ్యలో ఒక్క వేలు పెట్టి ఎత్తడం. కింది భాగం కూడా పైకి లేస్తే హింజ్ బాగా బిగుతు, దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ పల్చనైతే కొన్నాళ్లకు నా కథే.

సరే, మూడు లింకులూ విప్పి చూశాను.

మొదటి దానిలో ప్రాసెసర్ ఏఎమ్‌డీ వాళ్ల రైజెన్ 5 7520యు. ధర 43 వేలు. పక్కనే ఇంకోటి రైజెన్ 5 7530యు, ఆరు వేలు ఎక్కువ. "పది నంబర్లే కదా మామయ్యా తేడా" అన్నాడు. ఆ పది నంబర్లలోనే ఉంది మతలబు. ఏఎమ్‌డీ 7000 సిరీస్ ల్యాప్‌టాప్ చిప్పుల్లో మొదటి అంకె ఏ ఏడాది మోడలో చెబుతుంది, లోపలి డిజైన్ ఎప్పటిదో మూడో అంకె చెబుతుంది. 2 ఉంటే జెన్ 2, అంటే 2019లో వచ్చిన డిజైన్. 3 ఉంటే జెన్ 3. ప్రాసెసర్ లోపల పని పంచుకునే భాగాలు కోర్లు, 7520యులో అవి నాలుగే, 7530యులో ఆరు. పైన స్టిక్కర్ మాత్రం రెండింటికీ ఒకటే, రైజెన్ 5. ఇంటెల్‌లోనూ ఇంతే. ఐ5 1335యులో పది కోర్లు, ఐ5 13420హెచ్‌లో ఎనిమిదే. సేల్స్‌మన్ పది చూపించి మొదటిది అంటగడతాడు. పెద్ద పనులు లాగే పెర్ఫార్మెన్స్ కోర్లు అందులో రెండే, రెండోదాంట్లో నాలుగు. యు రకం 15 వాట్ల బేస్ పవర్‌కు, హెచ్ రకం 45 వాట్లకు తయారైనవి. బ్యాటరీ ఎక్కువ రావాలంటే యు, కోడ్ త్వరగా కంపైల్ కావాలంటే హెచ్.

ర్యామ్ విషయంలో ఇదివరకు నేనే "ఇప్పుడు 8 జీబీది కొను, తర్వాత ఇంకో 8 వేయించుకో" అనేవాణ్ని. ఆ సలహా వెనక్కి తీసుకుంటున్నాను. ఒకటి, సన్నటి వాటిలో చాలావరకు ర్యామ్ బోర్డుకు సోల్డర్ చేసి వస్తోంది, వేయించడానికి స్లాటే ఉండదు. రెండు, ఏఐ డేటా సెంటర్ల దెబ్బకు 2025 చివర్లో ర్యామ్ ధరలు అమాంతం పెరిగాయి. కొన్నప్పుడే 16 జీబీ ఉండాలి. డబ్బు సరిపోకపోతే స్టోరేజ్ దగ్గర తగ్గండి, ర్యామ్ దగ్గర వద్దు.

రెండోది గేమింగ్ ల్యాప్‌టాప్. ఆసుస్ టఫ్, లెనోవో ఎల్‌ఓక్యూ, హెచ్‌పీ విక్టస్, ఏసర్ నైట్రో, అందరివీ దాదాపు ఒకే తూకం. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 4050 ఉన్నది మేం చూసినప్పుడు సేల్‌లో కూడా బావ బడ్జెట్ దాటింది, 3050 ఉన్నది ఆ లోపలే దొరికింది. పవర్‌కు పవర్, తెరిస్తే ర్యామ్ స్లాట్లు, ఫ్యాన్లు రెండు. డబ్బుకు తగ్గ సరుకు ఏదంటే నిజానికి ఇదే. కానీ మా ఆఫీసు కుర్రాడి దాన్ని ఛార్జర్‌తో సహా కిరాణా కొట్టు కాటా మీద పెడితే మూడు కిలోలకు వంద గ్రాములు తక్కువ తూగింది. రికార్డులు, టిఫిన్ బాక్సు, నీళ్ల బాటిల్‌తో పాటు ఇది రోజూ భుజాన. ఆ ఛార్జర్ ఇటుకంత ఉంటుంది, దాన్ని హాస్టల్లో వదిలేసి వెళితే మధ్యాహ్నం ల్యాబ్‌కు బ్యాటరీ ఖాళీ. మా ఆఫీసు కుర్రాడిదైతే ప్లగ్ లేకుండా మూడు గంటలు నడిస్తే గొప్ప.

అయినా ఇది తీసుకోవాల్సిన వాళ్లున్నారు. మెకానికల్ పిల్లలు సాలిడ్‌వర్క్స్, క్యాటియా, ఆన్సిస్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు నడపాలి. సివిల్ వాళ్లకు రెవిట్ ఉంటుంది. అక్కడ గ్రాఫిక్స్ కార్డు పనికొస్తుంది. సీఎస్ఈ పిల్లలు "ఏఐ నేర్చుకోవడానికి ఎన్విడియా కావాలి నాన్నా" అంటే మాత్రం కొంచెం ఆగండి. ఏఐ పనులకు వాడే ఎన్విడియా వాళ్ల సాఫ్ట్‌వేర్ CUDA సంగతి నిజమే, ఎన్విడియా కార్డు లేకపోతే అది నడవదు. కానీ బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే గూగుల్ కొలాబ్‌లో ఎన్విడియా టీ4 గ్రాఫిక్స్ కార్డు ఉచితంగానే ఇస్తున్నారు, పరిమితులున్నా సెకండ్ ఇయర్ అసైన్‌మెంట్లకు చాలు. వాలొరెంట్ ఆడటానికే కావాలంటే అది వేరే సంగతి, ఆ మాటే చెప్పి అడగమనండి.

మూడోది, "ప్లీజ్ మామయ్యా" మ్యాక్‌బుక్. ఆపిల్ సొంత చిప్పు ఎం4 ఉన్న ఎయిర్ 2025 మార్చిలో 99,900కు వచ్చింది, అప్పటి స్టూడెంట్ ధర 89,900. బరువు 1.24 కిలోలు. ఫ్యానే లేదు, చప్పుడు లేదు. ఉదయం ఎనిమిదికి తీసుకెళితే సాయంత్రం దాకా ఛార్జర్ గుర్తు రాదు. సీఎస్ఈ పిల్లాడు, ఇంట్లో డబ్బుకు ఇబ్బంది లేదు అంటే నేను మారు మాట్లాడకుండా ఇదే చెబుతాను. జావా, పైథాన్, సీ, గిట్, అన్నీ హాయిగా నడుస్తాయి. సేల్‌లో పాత ఎం1 చవగ్గా కనపడితే దాని ర్యామ్ చూడండి, 8 జీబీదైతే వదిలేయండి. ఆపిల్‌లో తర్వాత పెంచుకునే దారి లేదు.

మావాడిది ఈసీఈ. అక్కడే తేడా కొట్టింది. చిప్ డిజైన్ నేర్పే వెరిలాగ్ ల్యాబ్‌లో వాడే వివాడో సాఫ్ట్‌వేర్ విండోస్‌లో, లినక్స్‌లోనే నడుస్తుంది. మైక్రోకంట్రోలర్ ల్యాబ్‌లో వచ్చే కైల్ యువిజన్ విండోస్‌దే. మ్యాట్‌ల్యాబ్ మ్యాక్‌లో బాగానే ఉంటుంది, ఆర్డునోకూ ఢోకా లేదు. కానీ సగం ల్యాబులకు పక్కవాడి ల్యాప్‌టాప్ అడుక్కోవడానికి తొంభై వేలు ఎందుకు? సివిల్ వాళ్లకూ ఇదే గొడవ. ఆటోక్యాడ్‌కు మ్యాక్ వెర్షన్ ఉంది, స్టాడ్ ప్రో, ఈట్యాబ్స్, రెవిట్‌కు లేవు. ఆ మధ్య విండోస్‌లోనే స్నాప్‌డ్రాగన్ చిప్పుతో సన్నటివి వచ్చాయి, బ్యాటరీ అద్భుతం. ల్యాబ్ బోర్డుల పాత డ్రైవర్లు వాటిలో మొండికేస్తాయి, ఈసీఈ వాళ్లు అటు చూడకపోవడం మేలు.

బావ మధ్యలో ఒక నాలుగో దారి తెచ్చారు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఆయన స్నేహితుడు పాతిక వేలకు పాత థింక్‌ప్యాడ్ ఇప్పిస్తానన్నాడట. నవ్వి కొట్టిపారేయాల్సినది కాదు. ఆఫీసుల్లో వాడి తీసేసినవి, ఒళ్లు గట్టివి, 2018 నాటి టీ480 లాంటి వాటిలో రెండు ర్యామ్ స్లాట్లు, వెనక ఊడదీసే బ్యాటరీ. డెబ్బై వేలు అప్పు చేసి కొనే ఇల్లయితే నేను దీనికే ఓటేస్తాను. ఇంటెల్ ఎనిమిదో తరానికి తక్కువ మాత్రం కొనకూడదు. విండోస్ 10కు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, అంతకన్నా పాత ఇంటెల్ చిప్పులకు, ఒకటీ అరా తప్ప, విండోస్ 11 అధికారికంగా రాదు. ఇక బ్యాటరీ ఎంత మిగిలిందో షాపులోనే విండోస్‌లో ఉండే పవర్‌సీఎఫ్‌జీ (powercfg) కమాండ్‌తో బ్యాటరీ రిపోర్టు తీయించి చూడాలి.

చివరికి కొన్నది సన్నదే. ఐ5 13420హెచ్, 16 జీబీ, 512 ఎస్‌ఎస్‌డీ, కిలోన్నరకు కాస్త పైన. 62 వేలు. మిగిలిన ఎనిమిది వేలలో మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ, కింద పడితే కూడా బాగుచేసే యాక్సిడెంటల్ ప్లాన్ వచ్చాయి. వాడు "ఆ డబ్బుతో గేమింగ్ మౌస్ వచ్చేది" అని గొణిగాడు. కంపెనీ లెనోవో. అదే వారం ఆసుస్ మీద ఇదే ధర ఉంటే అదే తెచ్చేవాళ్లం, అక్క ఇది విని చాలా నిరాశపడింది. బిల్లు కట్టే ముందు డబ్బా మీది సీరియల్ నంబర్‌ను కంపెనీ సైట్లో కొట్టి చూశాం. వారంటీ ఎప్పుడో మొదలైపోయి ఉంటే అది డిస్‌ప్లేకు పెట్టిన పీసో, వెనక్కి వచ్చినదో అని అర్థం. మాది ఆ రోజు నుంచే చూపించింది.

ఇంటికొచ్చాక బావే డబ్బా విప్పారు. అట్టలు, కవర్లు తీసి బల్ల మీద పెట్టి, కుడి మూల పట్టుకుని మూత ఎత్తబోయారు.

"మధ్యలో పట్టుకోండి బావా!"